అన్నం పళ్లెం వెనుక ఒక విశ్వవిద్యాలయం: రంగా వ్యవసాయ వర్సిటీ గూడూరు సీమకు ఏమిచ్చింది?

గూడూరు అనగానే బయటి ఊళ్లవాళ్లకు గుర్తొచ్చేది నిమ్మకాయల మార్కెట్. ఆ తర్వాత వరి, వేరుశనగ, తీరం వైపు వెళితే రొయ్యల గుంటలు, మెట్ట వైపు వెళితే గొర్రెల మందలు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతంలో వేల కుటుంబాల బతుకు వీటి మీదే నడుస్తుంది. పొలం ఉన్నవాళ్లే కాదు, కౌలుకు చేసేవాళ్లు, కాయలు కోసేవాళ్లు, యార్డులో గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు, బస్తాలు కుట్టేవాళ్లు, లారీ డ్రైవర్లు, కమీషన్ వ్యాపారులు, మాంసం దుకాణాల వాళ్లు అందరూ ఇందులో ఉన్నారు. ముస్లిం కుటుంబాలు కూడా ఈ గొలుసులో అడుగడుగునా కనిపిస్తాయి.

ఈ పంటలన్నిటి వెనుక ఎక్కడో ఒక పరిశోధనా క్షేత్రం, ఒక శాస్త్రవేత్తల బృందం పని ఉంటుంది. ఆ పనిలో చాలా భాగం ఒకే సంస్థ నుంచి, లేదా దాని నుంచి విడిపోయిన సంస్థల నుంచి వచ్చింది. అదే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఈ సంస్థ ఎలా పుట్టింది, ఏం సాధించింది, సామాన్య కుటుంబానికి దాని వల్ల ఏం ఒరిగింది, ఇంకా ఏం ఒరగాలి అనే వివరాలు ఇవి.

ఎలా పుట్టింది?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి తెలుగు ప్రాంతాల్లో వ్యవసాయ కాలేజీలు, పరిశోధన కేంద్రాలు విడివిడిగా ఉండేవి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. హైదరాబాద్ సంస్థానంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద 1946లో వ్యవసాయ కళాశాల వచ్చింది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లో, శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల 1961లో ఏర్పడ్డాయి. పరిశోధన కేంద్రాలు వీటికంటే పాతవి. అనకాపల్లి చెరకు కేంద్రం 1913 నాటిది. మారుటేరు వరి కేంద్రం 1925 నాటిది. నెల్లూరు వరి కేంద్రం 1937లో మొదలైంది.

అయితే చదువు చెప్పేవాళ్లు ఒకచోట, పరిశోధన చేసేవాళ్లు ఇంకోచోట, రైతుకు చెప్పేవాళ్లు మరోచోట ఉండటంతో ఒకరి పని ఇంకొకరికి అందేది కాదు. అమెరికాలోని 'ల్యాండ్ గ్రాంట్' విశ్వవిద్యాలయాల్లో ఈ మూడు పనులూ ఒకే కప్పు కింద జరుగుతాయి. ఆ పద్ధతిని తీసుకుని మన దేశంలో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో పంత్‌నగర్‌లో వచ్చింది. ఆ వరుసలోనే 1964 జూన్ 12న హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలర్ ఓ. పుల్లారెడ్డి. 1965 మార్చి 20న అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. తొలి సంవత్సరాల్లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ అధ్యాపకులు ఇక్కడికి వచ్చి పని చేశారు, ఇక్కడి వాళ్లు అక్కడికి వెళ్లి చదువుకున్నారు.

ఆ కాలం ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. దేశంలో తిండి గింజలు చాలక అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన రోజులవి. పెద్దవాళ్లు ఇప్పటికీ రేషన్ షాపు దగ్గర క్యూల గురించి చెబుతారు. విశ్వవిద్యాలయం ముందు ఉన్న పని ఒక్కటే: ఉన్న నేలలో ఎక్కువ గింజ పండించడం.

1996 నవంబర్ 7న దీనికి రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టిన రంగా ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి, 1930 నుంచి ఆరు దశాబ్దాల పాటు పార్లమెంటులో రైతుల తరఫున మాట్లాడారు. 1962లో చిత్తూరు లోక్‌సభ స్థానం నుంచి కూడా గెలిచారు. 1995లో మరణించారు.

ఒక మహావృక్షం, నాలుగైదు కొమ్మలు

మొదట్లో వ్యవసాయం, పశువైద్యం, ఉద్యాన పంటలు, చేపల పెంపకం అన్నీ ఈ ఒక్క సంస్థ కిందే ఉండేవి. తర్వాత ఒక్కొక్కటే విడిపోయాయి. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజేంద్రనగర్ క్యాంపస్ తెలంగాణకు వెళ్లి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అయింది. రంగా వర్సిటీ గుంటూరు దగ్గర లాం గ్రామానికి మారింది. మత్స్య విశ్వవిద్యాలయం కోసం 2020లో చట్టం చేశారు.

అంటే గూడూరు రైతుకు ఇప్పుడు వరి, వేరుశనగ గురించి అడగాలంటే ఒక వర్సిటీ, నిమ్మ గురించి ఇంకొకటి, గొర్రె గురించి మరొకటి. ఎవరి దగ్గర ఏముందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. అందుకే పంటల వారీగా చూద్దాం.

వరి: మహ్సూరి నుంచి నెల్లూరు మసూరి దాకా

తెలుగు ఇళ్లలో 'మసూరి బియ్యం' అనేది రోజువారీ మాట. ఈ పేరు వెనుక కథ మలేషియాలో మొదలవుతుంది. 1950ల్లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో జపాన్ తరహా వరిని ఆసియా ఉష్ణదేశాల వరితో సంకరం చేసే కార్యక్రమం కటక్‌లో నడిచింది. దాని నుంచి వచ్చిన ఒక రకం మలేషియాలో 'మహ్సూరి' పేరుతో 1965లో విడుదలైంది. లంకావీ దీవి జానపద కథలోని స్త్రీ పేరు కూడా మహ్సూరే. ఆ రకం మన దేశానికి వచ్చి గోదావరి, కృష్ణా డెల్టాల్లో బాగా నచ్చింది. అన్నం బాగుంటుంది. కానీ పైరు ఎత్తుగా పెరిగి గాలివానకు పడిపోయేది.

ఇక్కడే విశ్వవిద్యాలయం పని కనిపిస్తుంది. మారుటేరు కేంద్రంలో వశిష్ఠ అనే రకంతో మహ్సూరిని సంకరం చేసి 'స్వర్ణ' అనే ఎంటీయూ 7029ను తయారుచేశారు. ఇది 1982లో విడుదలైంది. బాపట్లలో మహ్సూరిని ఇంకో రెండు రకాలతో కలిపి 'సాంబ మసూరి' అనే బీపీటీ 5204ను రూపొందించారు. ఇది 1986లో వచ్చింది. పొట్టి పైరు, సన్న గింజ, రుచి మూడూ ఒకేచోట కుదిరాయి. నేడు కర్నూలు సోనా అని, ఇంకా రకరకాల బ్రాండ్ల పేర్లతో బస్తాల్లో వచ్చే సన్న బియ్యంలో చాలా వరకు ఈ కుటుంబానికి చెందినవే.

స్వర్ణ కథ ఇంకా దూరం వెళ్లింది. పశ్చిమ బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్‌లో లక్షల మంది చిన్న రైతులు దీన్ని వేస్తారు. అక్కడ వరదలొస్తే పైరు నీళ్లలో మునిగి కుళ్లిపోయేది. ఒడిశాకు చెందిన ఒక పాత నాటు రకంలో మునకను తట్టుకునే జన్యువు ఉందని గుర్తించి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని స్వర్ణలోకి తెచ్చారు. 'స్వర్ణ సబ్-1' 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల పాటు మునిగినా మళ్లీ చిగురిస్తుంది. పశ్చిమ గోదావరిలో పుట్టిన గింజ బంగ్లాదేశ్ రైతు ఇంట్లో పొయ్యి వెలిగించిందంటే అతిశయోక్తి కాదు.

గూడూరు, నెల్లూరు ప్రాంతానికి మాత్రం వేరే సమస్య ఉంది. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం కాబట్టి అక్టోబర్, నవంబర్‌లో నాట్లు పడతాయి. డిసెంబర్, జనవరి నెలల్లో మంచు, చల్లటి రాత్రులు. ఆ వాతావరణంలో అగ్గి తెగులు విజృంభిస్తుంది. ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు వస్తాయి, మెడ విరుపు వస్తే వెన్ను మొత్తం తాలు అయిపోతుంది. సాంబ మసూరికి ఈ తెగులు తట్టుకునే శక్తి తక్కువ. పైగా అది దాదాపు 150 రోజుల పంట.

నెల్లూరు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ సమస్య మీదే ఏళ్ల తరబడి పని చేశారు. పినాకిని, స్వర్ణముఖి, సోమశిల, వేదగిరి అంటూ ఈ ప్రాంతపు నదుల, కొండల, ఊళ్ల పేర్లతోనే రకాలు విడుదల చేశారు. వాటిలో అందరికీ తెలిసింది ఎన్‌ఎల్‌ఆర్ 34449, అంటే 'నెల్లూరు మసూరి'. ఐఆర్ 72 అనే రకాన్ని సాంబ మసూరితో కలిపి చేశారు. గింజ సన్నం, అగ్గి తెగులును తట్టుకుంటుంది, సుమారు 125 రోజుల్లో కోతకు వస్తుంది. సాంబ మసూరితో పోలిస్తే మూడు వారాలు ముందే పంట చేతికి వస్తే ఏమవుతుంది? చెరువు కింద చివరి తడి కోసం పోట్లాట తగ్గుతుంది. కాలువ చివరి పొలానికీ నీరు అందే అవకాశం పెరుగుతుంది. మందు పిచికారీల ఖర్చు కొంత మిగులుతుంది. కౌలు రైతుకు ఈ తేడానే లాభ నష్టాల మధ్య గీత.

షుగర్ ఉన్న ఇంట్లో ఏ బియ్యం?

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి 2008లో 'మెరుగైన సాంబ మసూరి'ని విడుదల చేశాయి. దీని గ్లైసిమిక్ ఇండెక్స్ మామూలు సన్న బియ్యం కంటే తక్కువని పరీక్షల్లో తేలింది. రాజేంద్రనగర్‌లో రూపొందిన 'తెలంగాణ సోనా' అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048కు కూడా ఇదే పేరు ఉంది.

అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. గ్లైసిమిక్ ఇండెక్స్ తక్కువ అంటే రక్తంలోకి చక్కెర కాస్త నెమ్మదిగా వెళుతుందని మాత్రమే అర్థం. ఎంత తిన్నా పరవాలేదని కాదు. పళ్లెంలో అన్నం కొలత తగ్గించడం, పప్పు, కూర పెంచడం, డాక్టర్ ఇచ్చిన మందులు వేసుకోవడం ఏ బియ్యం కొన్నా తప్పదు. బస్తా మీద 'షుగర్ ఫ్రీ' అని రాసి ఎక్కువ ధరకు అమ్మితే నమ్మకూడదు. చక్కెరగా మారని బియ్యం అంటూ ఏదీ లేదు.

2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ శాఖ జన్యు సవరణ పద్ధతిలో చేసిన రెండు వరి రకాలను ప్రకటించింది. ఒకటి సాంబ మసూరి నుంచి చేసిన 'కమల'. రెండోది మారుటేరు రకం 'కాటన్‌దొర సన్నాలు', అంటే ఎంటీయూ 1010 నుంచి చేసింది. ప్రపంచంలో కొత్త విజ్ఞానం ఏది వచ్చినా దాన్ని ప్రయోగించడానికి శాస్త్రవేత్తలు ఎంచుకున్నది మన విశ్వవిద్యాలయం గింజలనే. వాటి విలువకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వేరుశనగ: కాళహస్తి పేరు మోసిన జబ్బు

1975-76లో శ్రీకాళహస్తి ప్రాంతంలో రబీ వేరుశనగ రైతులు ఒక వింత చూశారు. చెట్టు పైకి కాస్త పొట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. పీకి చూస్తే కాయలు నల్లబడి, చిన్నవైపోయి, ఊడలు కురచగా ఉంటాయి. మార్కెట్‌కు తీసుకెళితే కొనేవాడు ఉండడు. మొదట ఎవరికీ కారణం తెలియలేదు. తర్వాత పరిశోధనలో ఇది మట్టిలో ఉండే, కంటికి కనిపించనంత సన్నటి నులిపురుగు పని అని తేలింది. ప్రపంచ వ్యవసాయ శాస్త్ర గ్రంథాల్లో ఈ జబ్బు పేరు 'కాళహస్తి మాలడీ' అనే ఉంది.

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం దీనికి జవాబు వెతికింది. మట్టిలో మందు చల్లడం చిన్న రైతుకు భారం. అందుకే జబ్బును తట్టుకునే విత్తనమే తయారు చేయాలనుకున్నారు. అలా వచ్చిన రకం టీసీజీఎస్ 320. దానికి 'కాళహస్తి' అనే పేరు పెట్టారు. జబ్బుకు ఊరి పేరు వచ్చింది, మందుకూ అదే ఊరి పేరు వచ్చింది. ఇదే కేంద్రం నుంచి నారాయణి, ధరణి వంటి రకాలు కూడా వచ్చాయి. ధరణి బెట్టను తట్టుకునే రకం.

అనంతపురం వైపు కదిరి కేంద్రం చేసిన పని కూడా ఇక్కడి రైతులకు తెలిసిందే. కదిరి-6 చాలా జిల్లాల్లో పాతకాలపు టీఎంవీ-2 స్థానాన్ని చాలా వరకు తీసుకుంది. ఇటీవల వచ్చిన కదిరి లేపాక్షి ఎక్కువ కాయలు ఇస్తుందని పేరు తెచ్చుకుంది. తిరుపతి దగ్గరి పెరుమాళ్లపల్లి కేంద్రం చెరకుతో పాటు రాగి మీద కూడా పని చేసింది. 'వకుళ' అనే రాగి రకం అక్కడిదే. రాగి సంగటి, రాగి జావ మళ్లీ ఇళ్లలోకి వస్తున్న ఈ రోజుల్లో ఆ పని విలువ పెరిగింది.

నిమ్మ: గూడూరు గుండెకాయ

గూడూరు, పొదలకూరు మార్కెట్ల నుంచి నిమ్మకాయలు ఢిల్లీ దాకా లారీల్లో వెళతాయి. వేసవిలో ధర ఆకాశంలో ఉంటుంది, వానాకాలంలో కోత కూలి కూడా రాని రోజులుంటాయి. ఈ ఎత్తుపల్లాలే ఇక్కడి కుటుంబాల పెళ్లిళ్లు, ఫీజులు, అప్పులు నిర్ణయిస్తాయి.

నిమ్మకు ఉన్న పెద్ద శత్రువు గజ్జి తెగులు. ఆకుల మీద, కొమ్మల మీద, కాయల మీద గరుకైన గోధుమ రంగు మచ్చలు వస్తాయి. లోపల రసం బాగానే ఉన్నా మచ్చ ఉన్న కాయను గ్రేడింగ్‌లో పక్కన పడేస్తారు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. లేత ఆకుల మీద పాము గీతలు గీసినట్టు తినే పురుగు చేసిన గాయాల గుండా ఇది ఎక్కువగా ప్రవేశిస్తుంది.

తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన కేంద్రం గజ్జిని కొంత తట్టుకునే చెట్లను ఎంపిక చేసి 'బాలాజీ' అనే రకాన్ని విడుదల చేసింది. వెంకటగిరి వైపు ఉన్న పెట్లూరు నిమ్మ పరిశోధన కేంద్రం 'పెట్లూరు సెలక్షన్-1'ను ఇచ్చింది. ఇవి ఒకప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం, ఇప్పుడు ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. బత్తాయికి రంగపూర్ నిమ్మను వేరు మొక్కగా వాడాలని చెప్పింది కూడా తిరుపతి కేంద్రమే.

శాస్త్రవేత్తలు చెప్పే జాగ్రత్తలు కొత్తవి కావు, కానీ చేసేవాళ్లు తక్కువ. గజ్జి సోకిన కొమ్మలను వానలు మొదలయ్యే ముందే కత్తిరించి కాల్చేయాలి. కొత్త చిగురు వచ్చినప్పుడే ఆకు తినే పురుగును అదుపు చేయాలి. రాగి మందు సిఫార్సు చేసిన మోతాదులోనే, అధికారిని అడిగి పిచికారీ చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, రోడ్డు పక్క నర్సరీలో చౌకగా దొరికిన అంటును కాకుండా తల్లి చెట్టు ఏదో తెలిసిన మొక్కను కొనాలి. నిమ్మ తోట ఇరవై ఏళ్ల పెట్టుబడి. మొక్క దగ్గర మిగిలించిన పది రూపాయలు తర్వాత వేలు తినేస్తాయి.

వేసవిలో కాయ రావాలంటే పూత ముందే రావాలి. వానల చివర్లో నీరు ఆపి చెట్టును కొద్దిగా వాడనిచ్చి, తర్వాత ఎరువు, నీరు ఇచ్చి పూత తెప్పించే పద్ధతి మీద పరిశోధన కేంద్రాలు పని చేశాయి. ఇది తేలిక నేలల్లో బాగా కుదురుతుంది, నల్లరేగడిలో కష్టం. మన నేలకు సరిపోతుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

గొర్రె, ఆవు, రొయ్య

తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం పని ముస్లిం కుటుంబాలకు ఇంకో విధంగా దగ్గర. బక్రీద్ వచ్చిందంటే సంతల్లో అందరి కళ్లూ నెల్లూరు గొర్రె పొట్టేలు మీదే. మన దేశంలో అన్నిటికంటే ఎత్తుగా పెరిగే గొర్రె జాతి ఇది. ఉన్ని ఉండదు, మాంసం కోసమే పెంచుతారు. ఇందులో తెల్లటి పల్ల, ముఖం మీద నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్ర గోధుమ రంగు దోర అని మూడు రకాలు. జాతి లక్షణాలను కాపాడటం, మంచి పొట్టేళ్లను ఎంపిక చేయడం, మేత లేని కాలంలో దాణా ఎలా ఇవ్వాలో చెప్పడం పశుపరిశోధన కేంద్రాల పని. దాదాపు అంతరించిపోయే దశకు చేరిన పొట్టి పుంగనూరు ఆవును కాపాడింది పలమనేరు పశుపరిశోధన కేంద్రమే.

చిల్లకూరు, కోట, వాకాడు వైపు రొయ్యల సాగు సంగతి అందరికీ తెలిసిందే. 1991లో నెల్లూరు దగ్గర ముత్తుకూరులో మత్స్య కళాశాల మొదలైంది. మూడేళ్లకే, 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యల గుంటలు ఖాళీ అయ్యాయి. బంగారం తాకట్టు పెట్టి గుంటలు తవ్విన కుటుంబాలు ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 2009 నుంచి వనామీ రొయ్య వచ్చాక సాగు మళ్లీ పుంజుకుంది. వైరస్‌కు మందు లేదు. పరీక్ష చేసిన పిల్ల, శుభ్రమైన నీరు, తక్కువ సాంద్రత ఇవే రక్షణ. ఈ మాట చెప్పే చదువుకున్న యువకులను తయారు చేయడంలో ముత్తుకూరు కళాశాల పాత్ర పెద్దది.

పరిశోధన పొలానికి ఎలా చేరుతుంది?

ఒక కొత్త రకం రావడానికి సాధారణంగా పదేళ్లు పడుతుంది. రెండు రకాలను సంకరం చేయడం, తరాల తరబడి మంచి మొక్కలను ఏరడం, కేంద్రాల్లో పోల్చి చూడటం, ఆ తర్వాత మినీకిట్ల పేరుతో రైతుల పొలాల్లో మూడేళ్లు పరీక్షించడం, చివరికి విడుదల కమిటీ ఆమోదం. ఈ దారిలో వందల రకాలు రాలిపోతాయి, ఒకటో రెండో మిగులుతాయి.

విడుదలైన విత్తనం కూడా మెట్లు దిగుతూ వస్తుంది. సంచికి ఉండే ట్యాగ్ రంగు చూస్తే అది ఏ మెట్టు మీద ఉందో తెలుస్తుంది. బ్రీడర్ విత్తనానికి పసుపు ట్యాగ్, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగ్, సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగ్. రైతు కొనేది సాధారణంగా నీలం ట్యాగ్ సంచి. ట్యాగ్‌ను, బిల్లును పంట ఇంటికి వచ్చేదాకా దాచుకోవాలి. విత్తనం మొలవకపోతే, వేరే రకం కలిసి ఉంటే పరిహారం అడగడానికి అవే ఆధారం.

ఇంకో ముఖ్యమైన సంగతి. పైన చెప్పిన వరి, వేరుశనగ రకాలు హైబ్రిడ్లు కావు. ఒకసారి మంచి విత్తనం కొంటే రెండు మూడేళ్లు సొంత విత్తనం దాచుకుని వాడుకోవచ్చు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, పక్క రైతుతో మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన ప్రజలకే ఆస్తిగా మిగలడం అంటే ఇదే. ప్రతి ఏడాదీ కంపెనీ సంచి కొనాల్సిన పంటలతో పోల్చి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది.

సమాచారం కోసం రైతులు వెళ్లగల చోట్లు: నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం, తిరుపతి ప్రాంతీయ పరిశోధన స్థానం, జిల్లాల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలు, ఊళ్లోని రైతు సేవా కేంద్రం. ఫోన్‌లో అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబర్ 1800-180-1551కు చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మన పిల్లలకు ఇందులో చోటు

వ్యవసాయ చదువంటే మడక పట్టడమని కొందరు అనుకుంటారు. అది పాతకాలపు మాట. బైపీసీ చదివి ఈఏపీసెట్ రాసినవాళ్లు నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ వ్యవసాయంలో చేరవచ్చు. మెడిసిన్ సీటు రాకపోతే జీవితం అయిపోయిందని దిగులుపడే పిల్లలకు ఇది మంచి దారి. పశువైద్యం, ఉద్యాన, మత్స్య శాస్త్రాల్లోనూ డిగ్రీలు ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. అమ్మాయిలు ఈ కోర్సుల్లో పెద్ద సంఖ్యలో చేరుతున్నారు, హాస్టళ్లు ఉన్నాయి.

రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. దానికి భూమి కాగితాలు, గ్రామీణ ప్రాంతంలో చదివిన ధ్రువపత్రాలు అడుగుతారు. ముస్లింలలో సామాజికంగా వెనుకబడిన వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఈ కింద విద్యలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఈ సర్టిఫికెట్లు కౌన్సెలింగ్ రోజు పరుగులు పెట్టి తెచ్చుకునేవి కావు. ఇంటర్ చదువుతుండగానే సిద్ధం చేసుకోవాలి.

చదువు పూర్తయ్యాక వ్యవసాయ శాఖ ఉద్యోగాలు, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులు, ఆహార సంస్థ, విత్తన సంస్థలు, పై చదువులు, పరిశోధన ఇలా దారులు చాలా ఉన్నాయి. చివరి సంవత్సరం విద్యార్థులు ఊళ్లలో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకోవడం ఈ చదువులో భాగం. పుస్తకం తెలిసిన పిల్లాడికి పొలం, పొలం తెలిసిన రైతుకు పుస్తకం పరిచయమయ్యేది అక్కడే.

సాధించినది, మిగిలినది

ఇంత చేసినా విశ్వవిద్యాలయం వల్ల తీరని సమస్యలున్నాయి. మంచి నిమ్మ రకం ఇవ్వగలదు కానీ వానాకాలంలో ధర పడిపోతే ఆపలేదు. దానికి శీతల గిడ్డంగులు, ఊరగాయ, రసం తయారుచేసే యూనిట్లు, మార్కెట్ వ్యవస్థ కావాలి. తెగులును తట్టుకునే వరి ఇవ్వగలదు కానీ కౌలు రైతుకు గుర్తింపు కార్డు, పంట రుణం, బీమా ఇవ్వలేదు. అవి ప్రభుత్వం చేయాల్సినవి.

ఇంకా ఒక లోటు ఉంది. చాలామంది రైతులు జబ్బు వచ్చాక మొదట వెళ్లేది పరిశోధన కేంద్రానికి కాదు, పురుగు మందుల దుకాణానికి. అక్కడ చెప్పేవాడే అమ్మేవాడు కూడా. అమ్మేవాడి సలహాలో మందు డబ్బాలు ఎక్కువ ఉండటం సహజం. ఉచితంగా చెప్పే శాస్త్రవేత్త నలభై, యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటే, అప్పు మీద మందు ఇచ్చే దుకాణం వీధి చివర ఉంటుంది. ఈ దూరం తగ్గించడం వర్సిటీల ముందున్న అసలు పరీక్ష. నాలుగు వర్సిటీలుగా విడిపోయాక ఒకే రైతుకు ఉన్న వరి, నిమ్మ, గొర్రె మూడింటికీ ఒకేచోట జవాబు దొరికే ఏర్పాటు ఇంకా అవసరం.

రైతు వైపు నుంచి చేయగలిగిందీ ఉంది. రబీకి ముందు మట్టి పరీక్ష చేయించడం, కేంద్రాల్లో జరిగే కిసాన్ మేళాకు ఊరి నుంచి నలుగురు కలిసి వెళ్లడం, జబ్బు సోకిన ఆకునో కాయనో సంచిలో పెట్టుకుని కేంద్రానికి తీసుకెళ్లి చూపించడం. అక్కడ అడిగినందుకు ఫీజు ఉండదు. జుమా తర్వాత మసీదు దగ్గర, సంతలో, యార్డులో నలుగురు కలిసినప్పుడు ఫలానా రకం వేస్తే ఏమైందో చెప్పుకోవడం కూడా విస్తరణ పనే.

సాంబ మసూరి అయినా, కాళహస్తి వేరుశనగ అయినా, నెల్లూరు మసూరి అయినా ఎవరో పేరు తెలియని శాస్త్రవేత్తలు, క్షేత్ర కూలీలు ఏళ్ల తరబడి గింజ గింజనూ ఏరి ఇచ్చినవి. వాటికి పేటెంట్ లేదు. హిందువు ఇంట్లో పొంగలి, ముస్లిం ఇంట్లో పులావు, క్రైస్తవుల ఇంట్లో క్రిస్మస్ విందు అన్నీ ఆ గింజతోనే ఉడుకుతున్నాయి. ఆ కేంద్రాలు బలంగా ఉంటేనే రేపటి తెగులుకు, రేపటి కరువుకు జవాబు దొరుకుతుంది. వాటికి నిధులు, సిబ్బంది ఇవ్వమని అడగడం రైతు సంఘాల పని మాత్రమే కాదు, అన్నం తినే ప్రతి కుటుంబం పని.